జూలైలో దీవికి వెళ్ళేవారు ముందు గాలి సంగతి చూసుకోవాలి

ప్రశ్న: నేను, మావారు, అయిదేళ్ళ బాబు, మా అత్తగారు. మొత్తం నలుగురం. అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. జూలై రెండో వారంలో ఆరు రోజుల సెలవు దొరికింది. సముద్రం పక్కన, వెచ్చగా ఉండే ఏదైనా దీవిలో గడపాలని మా ఆశ. మాల్దీవుల్లో నీటి మీద కట్టిన విల్లా సగం ధరకే వస్తోందని మావారు తొందరపెడుతున్నారు. మా మరిది మాత్రం బాలీ వెళ్ళమంటున్నాడు. అక్కడినుంచి నూసా పెనిడా, గిలి దీవులు కూడా చుట్టి రమ్మని కాగితం నిండా రాసి ఇచ్చాడు. నాకేమో మారిషస్ మీద మనసుంది, ఎందుకంటే చెప్పలేను. నాకు ఈత రాదు. బాబు నీళ్ళు కనిపిస్తే ఆగడు. దేన్ని ఎంచుకోమంటారు?
ఒక పాఠకురాలు

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు చోట్ల పేర్లున్నాయి, ముగ్గురి అభిప్రాయాలున్నాయి. నన్ను పట్టుకున్న మాట మాత్రం వేరే ఉంది: జూలై రెండో వారం. నెల ఖాయమై, దీవి ఇంకా ఖాయం కాకపోవడం మీ అదృష్టమనే అంటాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫొటో చూసి దీవిని నిర్ణయించుకుంటారు, సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు బయల్దేరతారు, తీరా వెళ్ళాక నాలుగు రోజులు గదిలో కూర్చుని వాన చూసి వస్తారు. వానను ఇంటి వరండాలోంచి కూడా చూడొచ్చు, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దీవుల్లో ఎండాకాలం, చలికాలం అన్న తేడా తక్కువ. అక్కడ కాలాన్ని నడిపేది గాలి. ఆ నెలలో గాలి ఎటునుంచి వీస్తుంది? దీవిలో ఏ తీరం దానికి ఎదురుగా ఉంటుంది, ఏది చాటున ఉంటుంది? ఇవి తెలిస్తే సగం ప్రయాణం కుదిరినట్లే. సముద్రం మీదినుంచి తేమను మోసుకొచ్చే గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, అక్కడే కురుస్తుంది. కొండ దాటేసరికి దానిలో తడి మిగలదు. హవాయి పెద్ద దీవిలో గాలికి ఎదురుగా తూర్పు తీరాన హీలో అనే ఊరుంది. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే దీవికి పడమట ఉన్న కోనా వైపు వెళ్తే నల్లని లావా రాళ్ళ మధ్య గడ్డి కూడా పలచగానే మొలుస్తుంది. రెండింటికీ మధ్య కారులో సుమారు రెండు గంటల దారి, అంతే.

థాయ్‌లాండ్‌ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. జూలైలో పుకెట్ పడమటి తీరాన నైరుతి ఋతుపవనాల కెరటాలకు ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. తూర్పున సింధుశాఖలో ఉన్న సముయి దీవిలో అదే వారంలో చాలావరకు ఎండ కాస్తుంది. సముయికి అసలు వానలు అక్టోబరునుంచి డిసెంబరు దాకా. అవి ముదిరే వేళకు పుకెట్ తేరుకుంటుంది. కాబట్టి ఎవరైనా "ఆ దేశానికి ఏ నెలలో వెళ్ళాలి" అని అడిగితే, ఆ దేశంలో ఏ ఒడ్డుకి అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

ఇక మీవారి సగం ధర సంగతి. ఆ సగం ధర అబద్ధం కాదు, మోసమూ కాదు. మిగతా సగాన్ని వాతావరణం తీసేసుకుంది, అంతే. మాల్దీవుల వాళ్ళు ఏడాదిని రెండు గాలులుగా విభజిస్తారు. ఈశాన్యంనుంచి పొడిగాలి వీచే కాలాన్ని ఇరువై అంటారు, అది స్థూలంగా డిసెంబరునుంచి ఏప్రిల్ దాకా. నైరుతి గాలితో వానలు వచ్చే కాలం హుళంగు, మే నుంచి నవంబరు దాకా. మీ జూలై దీని నడుమ పడింది. అయితే అక్కడ వాన రోజంతా ముసురు పట్టినట్లు కురవాలనేమీ లేదు. గంట దంచికొట్టి ఆగిపోయి ఎండ కాయవచ్చు, ఆరు రోజులూ పొడిగానే గడిచిపోవచ్చు. కాని వానకన్నా గాలి ముఖ్యం. ఆ గాలికి సముద్రం పైకి లేస్తుంది, స్పీడ్ బోటు ఎగిరెగిరి పడుతుంది, నీళ్ళు కలకబారుతాయి. అక్కడి దీవులకు కొండలు లేవు. సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు మించిన నేల దాదాపు ఎక్కడా ఉండదు. కాబట్టి గాలి చాటుకు వెళ్దామన్నా చాటు దొరకదు.

జూలైలో మాల్దీవులకు వెళ్ళడానికి మంచి కారణం ఒకటుంది. బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలో ఉన్న హనిఫారు అనే చిన్న అఖాతంలోకి జూన్ నుంచి నవంబరు మధ్య రెక్కలు చాచి ఎగురుతున్నట్లు ఈదే మాంటా చేపలు గుంపులుగా వస్తాయి. ఆ గాలే తోసుకొచ్చే సూక్ష్మజీవులు వాటికి ఆహారం. 2011లో యునెస్కో బా అటోల్‌ను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది. హనిఫారులో సిలిండరు కట్టుకుని దిగనివ్వరు, నీటి పైన తేలుతూ మాస్కులోంచి చూడాలి. ఈత వచ్చినవాళ్ళకు అది జన్మకు ఒక్కసారి దొరికే దృశ్యం. మీకు ఈత రాదు, బాబుకు అయిదేళ్ళు. ఆ కారణం మీది కాదు.

నీటి మీది విల్లా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫొటోలో కనిపించే ఆ చెక్క వేదిక అంచున చాలా చోట్ల కటకటాలు ఉండవు, ఉంటే సముద్రం అందం చెడుతుంది కదా. అంచునుంచి మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. నీళ్ళు కనిపిస్తే ఆగని అయిదేళ్ళ పిల్లవాడితో అక్కడ మీరు విశ్రాంతి తీసుకోరు, కాపలా కాస్తారు. అందుకే చాలా రిసార్టులు చిన్నపిల్లలను ఆ విల్లాల్లోకి అసలు అనుమతించవు. మీవారు చూసిన ప్రకటన కింద సన్నని అక్షరాల్లో ఆ షరతు ఉందేమో చూడమనండి. ఇక అత్తగారు. భోజనశాల ఒడ్డున ఉంటుంది, విల్లా నీటి మీద పొడవాటి చెక్కదారి చివర ఉంటుంది. విద్యుత్ బండి వచ్చి తీసుకెళ్తుంది, నిజమే, కాని ప్రతి కాఫీకీ ఫోను చేసి పిలవాలంటే ఆవిడ రెండో రోజునుంచి కాఫీ మానేస్తారు.

ఇంకొక సంగతి బుక్ చేసేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. దూరపు రిసార్టులకు నీటి మీద దిగే సీప్లేన్‌లో వెళ్ళాలి. సీప్లేన్‌లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలేలోనో దాని పక్కనో గడపాలి, పొద్దున్నే మళ్ళీ సామాను సర్దుకోవాలి. తిరుగు విమానం పొద్దున్నే ఉంటే ముందురోజే రిసార్టునుంచి బయల్దేరాలి. ఆరు రోజుల ప్రయాణంలో రెండు రాత్రులు ఇలా పోయాయంటే ఆ సగం ధర పూర్తి ధరతో సమానమైపోతుంది.

మీ మరిదిగారు రాసిచ్చిన కాగితం నేను చూడలేదు, కాని అలాంటి కాగితాలు చాలా చూశాను. వాటన్నిటికీ ఒకటే జబ్బు: పగళ్ళను లెక్కపెట్టవు. ఆరు రోజుల సెలవులో మొదటి రోజు, చివరి రోజు విమానాశ్రయాలవి. మిగిలేవి నాలుగు. బాలీలో జూలైలో సాయంత్రం ఆరూ పది దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. వేసవి సాయంత్రాలు ఏడున్నర దాకా వెలుతురుగా ఉండే చోట్లనుంచి వెళ్ళేవారికి ఈ సంగతి తట్టదు. పన్నెండు గంటలకన్నా కాస్త తక్కువ పగలు, అందులో నడినెత్తిన ఎండ ఉన్న మూడు నాలుగు గంటలు పిల్లలు, పెద్దలు బయట తిరగడానికి పనికిరావు. అంటే రోజుకు మీ చేతిలో ఉండేవి పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు. దీవి మారిన ప్రతిసారీ ఇందులో ఒక పూట పోతుంది: గది ఖాళీ చేయడం, రేవుకు వెళ్ళడం, పడవకోసం ఎదురుచూడటం, ఆ ఒడ్డున బండి వెతుక్కోవడం, గది ఇంకా సిద్ధం కాలేదంటే సామానుతో కూర్చోవడం. మూడు దీవులు చూశామని చెప్పుకోవచ్చు, నిజానికి చూసేది మూడు రేవులు.

పైగా బాలీనుంచి గిలి దీవులకు వెళ్ళాలంటే లోంబోక్ జలసంధి దాటాలి. బాలీకీ లోంబోక్‌కూ మధ్య అది వెడల్పులో తక్కువే, లోతులో మాత్రం చాలా ఎక్కువ. మంచుయుగంలో సముద్రమట్టం పడిపోయినప్పుడు కూడా అక్కడ నేల తేలలేదు. అందుకే రెండు ఒడ్డుల్లో పక్షులు, జంతువులు వేరువేరుగా ఉంటాయి. 1856లో బాలీనుంచి లోంబోక్‌కు వెళ్ళిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఆ తేడాను గమనించాడు. జీవశాస్త్రంలో వాలెస్ రేఖ అంటున్నది ఈ జలసంధి మీదుగానే పోతుంది. కథ బాగుంటుంది, పడవ మాత్రం బాగా ఊగుతుంది. అక్కడ ప్రవాహాలు బలమైనవి, జూలై, ఆగస్టుల్లో ఆగ్నేయపు గాలికి అల కూడా పెరుగుతుంది. ఇరవయ్యేళ్ళ వయసులో స్నేహితులతో వెళ్ళేవారికి అదొక సరదా. మోకాళ్ళ నొప్పులున్నావిడను, వాంతి చేసుకునే పిల్లవాడిని పక్కన పెట్టుకుని కాదు. గిలి దీవులను ఈసారికి కొట్టేయండి.

నూసా పెనిడా విషయంలో కాస్త మెత్తబడతాను. అది బాలీలోని సనూర్ ఒడ్డునుంచే కనిపిస్తుంది, పడవలో ముప్పావు గంట కూడా పట్టదు. 2022లో సనూర్‌లో కొత్త రేవు తెరిచారు. అంతకుముందు ఇసుకలోంచి నీళ్ళలో దిగి పడవ ఎక్కాల్సి వచ్చేది. కాని అందరూ ఫొటో తీసుకునే కెలింగ్‌కింగ్ కొండచరియనుంచి కింది తీరానికి దిగే దారి నిటారుగా ఉంటుంది, దీవిలో రోడ్లు నడుము విరిచేస్తాయి. మీవారు ఒక్కరే పొద్దున్న పడవకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగివస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయనకు నీటి కిందికి దిగే సరదా ఉంటే మొదటి రెండు రోజుల్లోనే ఆ పని ముగించాలి. సిలిండరుతో పలుసార్లు డైవింగ్ చేసినవాళ్ళు విమానం ఎక్కేలోగా కనీసం 18 గంటలు గడవాలి, 24 గంటలైతే నిశ్చింత. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోకముందే విమానం ఎక్కితే అది బుడగలుగా మారి ప్రాణం మీదికి తెస్తుంది.

మీ మారిషస్‌కు వస్తాను. కారణం చెప్పలేనన్నారు, నేను చెబుతాను. ఆ దీవి చుట్టూ దాదాపు పూర్తిగా పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. అలలు దూరంగా ఆ గోడ మీద విరిగిపోతాయి, ఒడ్డు దగ్గర నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. ఈత రాని తల్లికి, నీళ్ళు చూస్తే ఆగని పిల్లవాడికి అంతకన్నా ఏం కావాలి? ఎక్కడో ఒక ఫొటోలో ఆ నిలకడ నీళ్ళు చూసి మీ మనసు అక్కడ ఆగి ఉంటుంది. మీ మనసు తప్పు చెప్పలేదు. కాని జూలైలో దక్షిణార్ధగోళంలో చలికాలం. మారిషస్‌లో పగలు హాయిగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం సుమారు 23 డిగ్రీలకు పడిపోతాయి. ఆ నీళ్ళలో పెద్దవాళ్ళు ఈదగలరు, కూర్చుని ఆడే పిల్లవాడి పెదవులు పావుగంటలో నీలమెక్కుతాయి. ఆగ్నేయపు గాలి ఆ నెలల్లో బెల్ మార్ ఉన్న తూర్పు తీరాన్ని తాకుతుంది, తువ్వాలు ఇసుకతో నిండిపోతుంది. జూలైలోనే వెళ్ళక తప్పదంటే గాలి చాటున ఉన్న పడమటి తీరంలో ఫ్లిక్ అన్ ఫ్లాక్ వైపు, లేదా వాయవ్యాన త్రూ ఓ బిష్ వైపు గది తీసుకోవాలి. మీ మారిషస్‌ను అక్టోబరుకో నవంబరుకో దాచుకోండి. నీళ్ళు వేడెక్కుతాయి, వానలు తక్కువ, తుపానులు జోరందుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.

కాబట్టి ఈ జూలైకి నా ఓటు బాలీకి, బాలీలోనూ సనూర్‌కు. ఏప్రిల్‌నుంచి అక్టోబరు దాకా అక్కడ పొడికాలం. జనం ఎక్కువ, గదులు ప్రియం, అది ఒప్పుకోవాల్సిందే. మంచి నెలలో సగం ధర ఎవరూ ఇవ్వరు. బాలీ అనగానే అందరూ చెప్పే కూటా, సెమిన్యాక్ తీరాలు పడమటి వైపు ఉన్నాయి. అక్కడ అలలు పలక మీద నిలబడి స్వారీ చేసేవారికి పండుగ, మీకు కాదు. సనూర్ తూర్పున ఉంది. ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల దూరంలో పగడపు దిబ్బ అలలను ఆపేస్తుంది. ఒడ్డు వెంబడి కిలోమీటర్ల కొద్దీ చదునైన కాలిబాట ఉంది, మెట్లు ఎక్కి దిగే పని లేదు. అత్తగారు తన ఇష్టం వచ్చినంత దూరం నడిచి, ఎక్కడ మోకాలు మొరాయిస్తే అక్కడ చెట్టు కింద కూర్చోవచ్చు. విమానాశ్రయం కూడా దగ్గరే. పొద్దున్నే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, దానికోసం కొండ ఎక్కనక్కర్లేదు. ఇంకా దక్షిణాన నూసా దువా తీరమూ నెమ్మదైనదే. అక్కడ పెద్ద హోటళ్ళ ఆవరణలు తప్ప ఊరు కనిపించదు, అందుకే నాకు సనూర్ నచ్చుతుంది.

సనూర్‌లో ఒక చిక్కుంది. ముందే చెప్పకపోతే మొదటి రోజే మీరు నన్ను తిట్టుకుంటారు. నేను మొదటిసారి అక్కడికి మధ్యాహ్నం చేరాను. సామాను గదిలో పడేసి తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్తే సముద్రం లేదు. నిజంగానే లేదు. తడి ఇసుక, నాచు పట్టిన రాళ్ళు, వాటి మధ్య చీలమండ దాకా మాత్రమే వచ్చే నీటి మడుగులు. రెండు వైపులా కర్రలు చాచుకున్న పడవలు ఇసుక మీద సాలీళ్ళలా కూర్చుని ఉన్నాయి. ఒక ముసలాయన బకెట్టు పట్టుకుని వంగి రాళ్ళ సందుల్లో ఏదో ఏరుకుంటున్నాడు. చాలా దూరంలో తెల్లని నురుగు గీత ఒకటి, అక్కడ మొదలవుతుంది అసలు సముద్రం. మోసపోయాననుకుని గదికి వెళ్ళి పడుకున్నాను. సాయంత్రం లేచి చూస్తే అదే చోట నీళ్ళు నడుము దాకా వచ్చి, పడవలు తేలుతున్నాయి. నీళ్ళు వెనక్కిపోయే పాటు సమయంలో వెళ్ళి సముద్రాన్ని నిందించానని అప్పుడు అర్థమైంది.

దిబ్బ ఉన్న చాలా తీరాల్లో ఇంతే. అలను ఆపే ఆ గోడే నీళ్ళను పలచగా ఉంచుతుంది. చాలా చోట్ల పోటు, పాటు రోజుకు రెండేసిసార్లు వస్తాయి, ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకు, పౌర్ణమికి రెండూ తీవ్రంగా ఉంటాయి: నీళ్ళు బాగా పైకి వస్తాయి, బాగా వెనక్కీ పోతాయి. మీరు వెళ్ళే వారంలో సనూర్ ఆటుపోట్ల పట్టిక ఫోనులో వెతికి, పోటు ఏ వేళకు వస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. స్నానాలు ఆ వేళకు, తక్కిన పనులన్నీ మిగతా వేళకు. పాటు సమయం వృథా కాదు, మీ బాబుకు అదే అసలు పండుగ. మడుగుల్లో నక్షత్ర చేపలు, పీతలు, నల్లని దోసకాయల్లాంటి సముద్ర జీవులు కనిపిస్తాయి. కాళ్ళకు రబ్బరు బూట్లు తప్పనిసరి, రాళ్ళ మధ్య ఉండే ముళ్ళజీవుల ముళ్ళు అరికాల్లో విరిగితే సెలవంతా కుంటడమే. జీవులను చూడనివ్వండి, తీసి బకెట్లో వేయనివ్వకండి.

ఇప్పుడు ఆ నాలుగు పగళ్ళు ఎలా గడపాలో. ఒక పూట ఉబుద్ వైపు వరిమళ్ళు చూడటానికి కారులో వెళ్ళండి, పొద్దున ఏడింటికల్లా బయల్దేరితేనే. బాలీలో కిలోమీటర్లను చూసి సమయం అంచనా వేయకూడదు. ముప్పై కిలోమీటర్లకు గంటన్నర పట్టడం మామూలే. ఇంకొక పూట మీవారి పెనిడా. అంతకుమించి ముందుగా ఏమీ కొనకండి. మిగతాదంతా ఖాళీగా వదలండి. ఖాళీ పూటలున్న ప్రణాళికే వాన వచ్చినా నిలబడుతుంది. నిండుగా రాసుకున్న కాగితం ఒక్క పడవ రద్దయితే మొత్తం కూలిపోతుంది. చివరి రాత్రి మాత్రం ఏ పరిస్థితిలోనూ సముద్రం దాటాల్సిన చోట ఉండకండి. ఇది బాలీకే కాదు, ఏ దీవికైనా. గాలి లేచి పడవలు ఆగిపోతే విమానం మీకోసం ఆగదు.

నీళ్ళ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. పిల్లవాడు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నా సరే, పెద్దవాళ్ళలో ఒకరు చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. ఒడ్డున కుర్చీలోంచి చూడటం కాపలా కాదు, ఫోను చేతిలో ఉంటే అసలే కాదు. నీళ్ళలో మునిగే పిల్లలు అరవరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు. చేతులకు తగిలించే గాలి బుడగలు ఉత్త ఆటబొమ్మలే, వాటిని నమ్మవద్దు. అతని కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఇంటినుంచే తీసుకెళ్ళండి, అక్కడ అద్దెకు దొరికేవి చాలావరకు పెద్దవాళ్ళవి.

ఎప్పుడైనా పడమటి తీరానికి సూర్యాస్తమయం చూడటానికి వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. వరుసగా అలలు విరుగుతున్న చోట, మధ్యలో ఒకచోట మాత్రం అల లేకుండా నీళ్ళు నెమ్మదిగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. ఈత రానివాళ్ళకు అదే మంచి చోటనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ లోపలికి తిరిగిపోయే దారి అదే, మనిషిని కూడా లోపలికి లాగేస్తుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి, చేయెత్తి పిలవాలి. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యనే దిగాలి, ఒంటరి ఎర్రజెండా ఉంటే దిగనే కూడదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. బాలీ భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దూరంలో ఉంది, మబ్బు పట్టినా ఎండ కాలుస్తుంది. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, కాని పిల్లవాడికి అంతకన్నా మంచిది పొడుగు చేతుల ఈత చొక్కా. అందరూ మరిచిపోయే చోట్లు మోకాళ్ళ వెనక భాగం, చెవుల పైభాగం, పాదాలు. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, దోమతెర ఉందికదా అని ధీమాగా ఉండవద్దు, మందు పొద్దున్నే రాసుకోవాలి. కుళాయి నీళ్ళు తాగకూడదు. ఉబుద్‌లో కోతులున్న అడవి చూపించమని ఎవరైనా అంటే నేనైతే పిల్లవాడిని తీసుకెళ్ళను. 2008నుంచి బాలీలో రేబిస్ ఉంది. కుక్కగాని కోతిగాని కరిచినా గీరినా, గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఇంటికెళ్ళాక చూద్దామనుకోకూడదు. నలుగురి పాస్‌పోర్టులకూ చేరే తేదీనుంచి ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు గడువు పెద్దవాళ్ళకన్నా ముందే ముగుస్తుంది, ముందు దాన్ని తెరిచి చూడండి. అత్తగారి మందులు చేతి సంచిలోనే పెట్టాలి, చీటీతో సహా.

మీవారికి ఒక మాట. స్కూటరు అద్దెకు తీసుకునే ముందు ప్రయాణ బీమా కాగితం చదవమనండి. సరైన లైసెన్సు లేకుండా నడిపి పడితే చాలా బీమాలు పైసా ఇవ్వవు.

చివరికి, మీ ఉత్తరంలో మీవారు ఏమన్నారో ఉంది, మరిదిగారు ఏమన్నారో ఉంది, మీ మనసులోది ఉంది, బాబు ఏం చేస్తాడో కూడా ఉంది. అత్తగారి గురించి ఆమె వయసు, మోకాళ్ళు తప్ప ఏమీ లేదు. ఆవిడ ఏమన్నారు? మీరు నీళ్ళలో ఉన్నంతసేపూ తువ్వాళ్ళకు, చెప్పులకు కాపలా ఉండటానికైతే ఆవిడకు అంత దూరం ప్రయాణం అనవసరం. పోటు సమయంలో సనూర్‌లో నీళ్ళలోనే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, మోకాళ్ళకు అంతకన్నా సుఖం ఉండదు. కాని ముందు అడగండి. ఆవిడకు సముద్రమే ఇష్టం లేకపోవచ్చు, తోట ఉన్న గది చాలనుకోవచ్చు.

బుక్ చేసే ముందు హోటలుకు ఒక్క ప్రశ్న రాసి పంపండి: మేము తీసుకునే గదినుంచి ఇసుక దాకా ఎన్ని మెట్లున్నాయి? జవాబులో అంకె ఉంటే డబ్బు కట్టండి. మరపురాని అనుభూతి అనో స్వర్గధామం అనో వస్తే ఇంకొక హోటలు చూడండి.